నోరు తిరగని మందు పేర్లు: విడదీసి పలకడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురంలో మందులు కొనుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది చీటీని కౌంటరు మీద పెట్టి, వేలితో చూపించి "ఇది ఇవ్వండి" అంటారు. పేరు చదవరు. చదువుకున్నవాళ్లూ అంతే. రోజూ మింగే మాత్ర, ఏళ్ల తరబడి మింగాల్సిన మాత్ర, దాని పేరు మాత్రం నోటికి రాదు. ఇరవై రెండేళ్లుగా ఈ కౌంటరు వెనక నిలబడి విన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మందు మార్చడానికో మోతాదు తగ్గించడానికో కాదు, అవి డాక్టరుగారి పని. మీ మందు పేరు మీరు పలకగలగాలి, నాకు కావాల్సింది అదే.

మందులకు ఇంత పొడవైన పేర్లు ఎందుకు?

ఒక మందుకు మామూలుగా మూడు పేర్లు ఉంటాయి. మొదటిది రసాయన నామం. అది ఒక్కోసారి రెండు పంక్తులు పడుతుంది, దాని జోలికి మనం పోనక్కర్లేదు. ఇంకొకటి కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు. ఈ రెంటికీ నడుమ ఉన్నదే జెనరిక్ పేరు. ఏ దేశంలోనైనా ఒక మందును ఒకే పేరుతో గుర్తుపట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఈ పని తలకెత్తుకుంది. మొదటి జాబితా 1953లో వచ్చింది.

పేర్లు పెట్టేవాళ్లు మన నోటి కష్టం ఆలోచించలేదనుకోవద్దు. 'పి హెచ్' బదులు 'ఎఫ్', 'టి హెచ్' బదులు 'టి', 'వై' బదులు 'ఐ' రాయాలని, 'హెచ్', 'కె' అక్షరాలను వీలైనంత వరకు వదిలేయాలని వాళ్లకు నియమాలున్నాయి. పాత పుస్తకాల్లో 'వై'తో కనిపించే అమాక్సిసిలిన్ ఇప్పుడు 'ఐ'తో కనిపించడానికి కారణం ఇదే. అయినా పేర్లు పొడవుగానే ఉంటాయి, ఎందుకంటే ఆ పేరులోనే మందు ఇంటిపేరు కూడా ఇమిడి ఉంటుంది. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, మందుల ఇంటిపేరు ఎక్కువగా చివర ఉంటుంది. తేడా అంతే.

విడదీయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

చివర నుంచి. టెల్మిసార్టన్, లోసార్టన్, ఓల్మెసార్టన్ అన్నీ 'సార్టన్' ఇంటివాళ్లు, బీపీ మాత్రలు. ఎనలప్రిల్, రామిప్రిల్ 'ప్రిల్' ఇంటివాళ్లు. ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్‌లది 'డిపిన్' ఇల్లు. షుగరు మాత్రల్లో సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్‌లది 'గ్లిప్టిన్' ఇల్లు. ఈ చివరి ముక్కను ఒక్కసారి నోటికి పట్టించుకుంటే మిగిలేది చాలా కొంచెం. టెనెలిగ్లిప్టిన్ అనగానే బెదిరిపోయేవాళ్లకు నేను చీటీ మీద 'గ్లిప్టిన్' అన్న భాగాన్ని వేలితో మూసి చూపిస్తాను. మిగిలింది 'టె-నె-లి'. మూడు లఘువులు, పసిపిల్లలు కూడా పలుకుతారు. తర్వాత వేలు తీస్తాను.

కొన్నింటికి ఇంటిపేరు ముందే ఉంటుంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్ 'సెఫ్'తో మొదలవుతాయి. షుగరుకు వాడే గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ 'గ్లి'తో మొదలవుతాయి.

'జోల్' అని వస్తే గ్యాసు మాత్రేనా?

కాదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను పని ఆపి మరీ జవాబు చెబుతాను. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ గ్యాసు మాత్రలే, కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. కానీ అల్బెండజోల్ నులిపురుగులకు ఇచ్చేది. ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ ఫంగస్‌కు. మెట్రోనిడజోల్ అమీబా వల్ల వచ్చే విరేచనాల వంటివాటికి. అన్నింటి చివరా జోల్ ఉంది, ఒక్కటీ ఇంకొకదాని పని చేయదు.

అంటే తోకను మరీ పొట్టిగా పట్టుకోకూడదు. ఒకటి రెండు అక్షరాలు వెనక్కి వెళ్లాలి: ప్రజోల్, బెండజోల్, కొనజోల్, నిడజోల్. అప్పుడే ఇల్లు తెలుస్తుంది. అలా వెళ్లినా ఒకచోట జాగ్రత్త కావాలి. అరిపిప్రజోల్‌లో 'ప్రజోల్' వినిపిస్తుంది గాని అది మానసిక వైద్యంలో వాడే మందు, దాని అసలు తోక 'పిప్రజోల్'. 'స్టాటిన్' కూడా ఇలాంటిదే. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్టరాల్‌కు ఇస్తారు. నిస్టాటిన్ మాత్రం ఫంగస్ మందు. దాన్ని కనుగొన్నది న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసిన ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు. ఆ రాష్ట్రం పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది, కొలెస్టరాల్‌తో ఏ సంబంధమూ లేదు. కొలెస్టరాల్ మందుల తోక 'వాస్టాటిన్'. ఆ 'వా'ను మింగేయకండి.

బళ్లో నేర్చుకున్న గణ విభజన దీనికి పనికొస్తుందా?

ఎంతో పనికొస్తుంది. గురులఘువులు గుర్తించడం వచ్చినవాళ్లకు మందు పేరును అక్షరాలుగా విడదీయడం కొత్త విద్య కాదు. పొల్లు హల్లు ముందు అక్షరంతోనే పోతుందన్న ఒక్క సూత్రం చాలు. మెట్‌ఫార్మిన్ తీసుకోండి: మెట్-ఫార్-మిన్. మూడూ గురువులు, మగణం. పారాసెటమాల్: పా-రా-సె-ట-మాల్. రెండు గురువులు, రెండు లఘువులు, మళ్లీ ఒక గురువు. క్లోపిడోగ్రెల్ నాలుగే అక్షరాలు: క్లో-పి-డో-గ్రెల్. చూడటానికి కొండంత కనిపించే హైడ్రోక్లోరోథయజైడ్ ఏడక్షరాలు: హై-డ్రో-క్లో-రో-థ-య-జైడ్.

ఒక చిక్కు మాత్రం ఉంది. పద్యంలో గణం ఒకచోట తెగుతుంది, పదం మరోచోట తెగుతుంది. మందు పేర్లలోనూ అంతే. రామిప్రిల్‌ను నాలుక 'రా-మిప్-రిల్' అని పలుకుతుంది. ఇంటిపేరు ప్రకారం విడదీస్తే 'రా-మి-ప్రిల్'. పద్యానికి ముందు పదవిభాగం చేసుకుని అర్థం పట్టుకున్నాకే గణాలు చూసినట్టు, ఇక్కడా ముందు అర్థం తెగే చోటనే విడదీసి నేర్చుకోండి. తర్వాత మామూలు వేగంతో పలికితే నాలుక తన దారి తాను చూసుకుంటుంది.

ఒక పెద్ద పేరును మొదటి నుంచి చివరిదాకా విడదీసి చూపిస్తారా?

చూపిస్తాను. మన డెల్టాకు బాగా తెలిసిన మందునే తీసుకుందాం. బోదకాలు ఈ కాలవల నేలలో పాత జబ్బు. దాన్ని అరికట్టడానికి ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించిన మాత్రలు గుర్తున్నాయి కదా, అందరూ 'డీఈసీ' అనేవాళ్లు. దాని పూర్తి పేరు డైఇథైల్‌కార్బమజీన్.

ముందు అర్థం ప్రకారం చూద్దాం. 'డై' అంటే రెండు. 'ఇథైల్' రెండు కార్బన్ల చిన్న గుంపు, డై ముందుంది కాబట్టి అలాంటివి రెండు ఉన్నాయి. 'కార్బమ' నడిమి కణుపు. చివరి 'జీన్' ఈ మందు నిర్మాణంలో ఉన్న పైపరజీన్ అనే వలయాన్ని గుర్తుచేస్తుంది. డై + ఇథైల్ + కార్బమ + జీన్, నాలుగు ముక్కలు. ఇప్పుడు అక్షరాలు: డై-ఇ-థైల్-కార్-బ-మ-జీన్. ఏడు.

పలికేటప్పుడు ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. 'డై' తర్వాత 'ఇ'ని చాలామంది కలిపేసి 'డైథైల్' అంటారు, ఒక అక్షరం పోతుంది. రెండో ఇబ్బంది 'బమ' దగ్గర. రెండూ పెదవులతో పలికే అక్షరాలే కాబట్టి తొందరలో తారుమారై 'కార్మబజీన్' అవుతుంది. ఈ ఇబ్బందికి విరుగుడు: 'డైఇథైల్' అని ఒక క్షణం ఆగండి, ఊపిరి తీసుకుని 'కార్బమజీన్' అనండి. ఐదుసార్లు అలా అన్నాక మధ్యలో ఆగడం మానేయండి.

ఈ పేరును నేను వాకిట్లో పిల్లలకు కూడా నేర్పిస్తాను, దానికి ఒక కారణం ఉంది. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే ఈ మందును వెలికితీసింది. ఫైలేరియా పురుగుల మీద దాని ప్రభావాన్ని వివరించిన పరిశోధన 1947లో అచ్చయింది. ఆ మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. మన గడ్డ మీద పుట్టినవారి చేతి మీదుగా వచ్చి, మన గడ్డ మీది జబ్బుకే పనికొచ్చిన మందు అది. దాని పేరు మనకు నోరు తిరగదంటే నా మనసు ఒప్పుకోదు.

ఇంగ్లీషు అక్షరం ఒకటే, పలుకు రెండు రకాలు. ఏది సరి?

'సి' తర్వాత 'ఐ', 'ఈ', 'వై' అక్షరాలుంటే స, మిగతా చోట్ల క. కార్బమజెపిన్‌లో క, సెటిరిజిన్‌లో స. 'సి హెచ్' చాలాచోట్ల క అవుతుంది, క్లోరోక్విన్‌లో లాగా. 'ఎక్స్' నడుమ వస్తే క్స్, మొదట వస్తే జ. ముక్కులో వేసే చుక్కల సీసా మీద 'ఎక్స్'తో మొదలయ్యే పేరును జైలోమెటజోలిన్ అని చదవాలి. 'వై' కొన్నిచోట్ల ఐ, కొన్నిచోట్ల ఇ. ఎరిత్రోమైసిన్‌లో రెండూ ఉన్నాయి: 'రి'లో ఒక వై, 'మై'లో ఒక వై. దీనికి సూత్రం వెతకడం కన్నా ఆ పేరును నోటికి పట్టించుకోవడం తేలిక.

'జ' గురించి ప్రత్యేకంగా అడుగుతుంటారు. ఇంగ్లీషు చివరి అక్షరం 'జెడ్' పలుకు మనకు లేదని చాలామంది అనుకుంటారు. దానికి దగ్గరి పలుకు మన ఇళ్లలోనే ఉంది. జోలపాటలోని 'జో' అనండి, జీలకర్రలోని 'జీ' అనండి. నాలుక రెండుచోట్ల తగులుతుంది. జోలపాట జ దంత్యం, పళ్ల దగ్గర పుడుతుంది. ఒమెప్రజోల్ చివర పలకాల్సింది ఆ జోలే. 'జీన్', 'జిన్' అని ముగిసే పేర్లలో జీలకర్ర 'జీ' పలికినా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది, దిగులు పడక్కర్లేదు.

ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలి?

ఇంగ్లీషువాళ్లు ఒక అక్షరం మీద ఊనిక పెడతారు: మెట్‌ఫార్మిన్‌లో 'ఫార్' మీద, టెల్మిసార్టన్‌లో 'సార్' మీద. మన నోటికి అక్షరాలన్నీ సమానంగా పలకడం అలవాటు, అలాగే పలకండి. 'ఆమ్లోడిపిన్' అన్నా 'ఆమ్లోడిపీన్' అన్నా మందు అదే, డాక్టర్లు కూడా రెండు రకాలుగానూ అంటారు. దీర్ఘం పోతే నష్టం లేదు. అక్షరం పోతేనే ప్రమాదం.

ఒకేలా వినిపించే పేర్లను ఎలా విడిగా పట్టుకోవాలి?

హైడ్రాక్సిజిన్ దురదకు, అలర్జీకి ఇస్తారు. హైడ్రలజిన్ బీపీకి ఇస్తారు. విడదీస్తే: హై-డ్రాక్-సి-జిన్, హై-డ్ర-ల-జిన్. అక్షరాల లెక్క ఒకటే, మొదలూ చివరా ఒకటే. తేడా అంతా కడుపులో ఉంది. విదేశీ ఆసుపత్రుల్లో ఇలాంటి జంటలకు తేడా ఉన్న అక్షరాలను మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అచ్చు వేస్తారు. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కాబట్టి నేను ఎర్ర సిరాతో నడిమి అక్షరాల కింద గీత గీస్తాను. ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ జంటకు కూడా అంతే: రెండోదానిలో 'లో' ఎక్కువ, గీత దాని కిందే.

కంపెనీ పేర్లకూ ఈ బెడద ఉంది. ఒమెప్రజోల్ అమెరికాలో మొదట లోసెక్ అన్న పేరుతో వచ్చింది. ఒళ్లు నీరు పట్టినప్పుడు ఇచ్చే లాసిక్స్‌తో కలగలిసి పొరపాట్లు జరగడంతో 1990లో దాని పేరు ప్రైలోసెక్ అని మార్చారు.

నాకు ఎదురైనది ఒకటి చెబుతాను. ఒక సాయంత్రం ఫోను వచ్చింది. తాతగారి షుగరు మాత్ర కావాలని మనవడు అడుగుతున్నాడు. "మెట్ అని ఏదో ఉందండీ, మెట్ర... మెట్రో..." అన్నాడు. మా కుర్రవాడు మెట్రోనిడజోల్ తీసి కవరులో వేశాడు. తాతగారు తెలిసినవారు కాబట్టి ఆపగలిగాను, ఆయన వాడేది మెట్‌ఫార్మిన్. తెలియనివారై ఉంటే? ఆ రోజు నుంచి మా కౌంటరులో ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఫోనులో సగం పేరు చెబితే మందు కట్టం, పూర్తిగా చెప్పేదాకా ఆగుతాం.

షీటు కత్తిరించి ఇస్తే పేరు పోతుంది. ఏం చేయాలి?

పది మాత్రల షీటులో ఐదు చాలన్నప్పుడు కత్తెర పడుతుంది. ఒక మామ్మగారు అంతర్వేది దగ్గరి నుంచి వచ్చారు. చీర కొంగు ముడి విప్పి, రెండు మాత్రలున్న ముక్క తీసి నా చేతిలో పెట్టారు. వెనక్కి తిప్పితే కనిపించింది 'సార్టన్' ఒక్కటే. తల తెగిపోయింది. మోతాదు అంకె కూడా ఆ తలతోనే పోయింది. బీపీ మాత్ర అని తెలిసింది, కానీ టెల్మియా, లోయా, ఓల్మెయా? తోక ఇంటిపేరు చెబుతుంది గాని మనిషి పేరు చెప్పదు. "మిగతా ముక్క ఎక్కడుంది మామ్మగారూ?" అంటే పోపుల పెట్టెలో ఉందన్నారు. ఇంటికి ఫోను చేస్తే కోడలు ఆ ముక్క వెతికి, వెలుతురులోకి తెచ్చి, కూడబలుక్కుని "టె... ల్... మి... నలభై" అని చదివింది. తల ఆ ఇంట్లో, తోక నా చేతిలో, రెంటినీ ఫోనులో కలిపి మందు ఇచ్చాను.

అందుకే కొనేటప్పుడే చెప్పండి: "పేరు, గడువు తేదీ ఉన్న వైపు నాకు ఇవ్వండి." ఇంట్లో కూడా పేరు లేని చివర నుంచి మాత్రలు తీసుకుంటూ రండి, పేరున్న మాత్ర ఆఖరున మింగండి.

కంపెనీ పేరు గుర్తుంటే చాలదా?

షాపు మారితే, ఊరు మారితే కంపెనీ మారుతుంది. జన ఔషధి కేంద్రాల్లో అయితే జెనరిక్ పేరుతోనే అడగాలి. ఒకే మందు ఉన్న షీటు మీద జెనరిక్ పేరును కంపెనీ పేరు కన్నా కనీసం రెండు సైజులు పెద్దగా అచ్చు వేయాలని 2018లో మన దేశంలో నియమం తెచ్చారు, కాబట్టి వెతుక్కునే పని కూడా తగ్గింది. కంపెనీ పేరు పక్కన ఉండే పొట్టి అక్షరాలను మాత్రం వదిలేయకండి. బీపీ మాత్రల పేరు చివర 'హెచ్' ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్ కలిపారని, 'ఏఎమ్' ఉంటే ఆమ్లోడిపిన్ కలిపారని అర్థం. 'ఎస్ఆర్' ఉంటే మందు కడుపులో నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, దాన్ని నలిపి మింగకూడదు. ఈ రెండక్షరాలు కూడా పేరులో భాగమే, చివర పలకండి.

మా అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎలా నేర్పాలి?

తెలుగులో రాసి ఇవ్వండి. ఇంగ్లీషులో ఒకే 'ఓ' అక్షరాన్ని చూసి ఒ అనాలో ఓ అనాలో ఆ అనాలో తెలియదు, మన లిపిలో ఆ సందేహమే రాదు. అట్టముక్క మీద, దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో, అడ్డగీతలు పెట్టి రాయండి: రో-సు-వా-స్టా-టిన్. దాని కింద ఎన్ని మిల్లీగ్రాములో అంకె. పొద్దుటి మాత్రకు సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్రకు చంద్రుడి బొమ్మ గీయండి. మాత్ర చేతిలో పెట్టే ముందు పేరు ఆమెతోనే చెప్పించండి. ఆమె చెప్పాకే నీళ్ల గ్లాసు ఇవ్వండి. పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది, మా షాపులోనే చాలామందికి వచ్చింది.

తప్పుగా పలికితే షాపులో నవ్వుతారేమో?

నవ్వేవాళ్లుంటే వేరే షాపుకు వెళ్లండి. తప్పుగానైనా పూర్తిగా పలికిన పేరును మేము సరిచేయగలం. అసలు పలకని పేరును ఏమీ చేయలేం.

అమెరికాలో ఉన్న అబ్బాయి వేరే పేరు చెబుతున్నాడు. మందు వేరా?

కొన్నింటికి అక్కడ పేరు వేరు. మన పారాసెటమాల్ వాళ్లకు అసిటమినోఫెన్. ఒకే పొడుగాటి రసాయన నామంలోంచి చెరో చోట ముక్కలు తీసుకుని పెట్టిన పేర్లివి. ఆ నామం పారా-అసిటైల్-అమినో-ఫినాల్. అందులో 'పారా', 'అసిట్', 'అమ్', 'ఒల్' ఏరితే మన పేరు, 'అసిట్', 'అమిన్', 'ఓఫెన్' ఏరితే వాళ్ల పేరు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్‌ను వాళ్లు అల్బుటెరాల్ అంటారు. పిల్లలు పంపిన డబ్బాలో అసిటమినోఫెన్, ఇక్కడ కొన్న షీటులో పారాసెటమాల్ ఉంటే రెండు వేర్వేరు మందులనుకుని కలిపి వేసుకోకండి. మోతాదు రెట్టింపవుతుంది, లివరు దెబ్బతింటుంది.

ఫోనులో మందు పేరు ఎలా చెప్పాలి?

ముందు తోక చెప్పండి, తర్వాత పూర్తి పేరు విడదీసి చెప్పండి, ఆ తర్వాత కలిపి చెప్పండి, చివర అంకె. "సార్టన్ అండీ. టెల్-మి-సార్-టన్. టెల్మిసార్టన్. నలభై." అవతలివారిని తిరిగి చెప్పమనండి. పంటు మీద ఉంటే ఇంజను మోతలో ఏ పేరైనా సగమే వినిపిస్తుంది. ఒడ్డు దిగాక చేయండి.